కోవెంట్రీ గోడ మీద ఒక నల్లజాతి నటుడి పేరు



పోయిన నెల ఒక శుక్రవారం, గల్ఫ్ క్యాంపులో మాతో ఒకే మెస్సులో తిన్న తమ్ముడొకడు ఫోన్ చేశాడు. బాగోగులన్నీ అయ్యాక ఉన్నట్టుండి ఒక మాటడిగాడు. "అన్నా, మీరుండే ఊళ్లె బొమ్మలు ఎవరెవరియి ఉంటయే? అంతా రాజులయేనా? మనసొంటోళ్లయి ఒక్కటన్న ఉంటదా?" అప్పటికప్పుడు మాకు జవాబు తోచలేదు. చూసి చెబుతామన్నాం. ఈ వ్యాసం ఆ తమ్ముడికి మేము బాకీ పడ్డ జవాబు.

మేమంటే ముగ్గురం. ఒకరిది జగిత్యాల, ఒకరిది సిరిసిల్ల, ఒకరిది కాకినాడ పక్క. ముగ్గురివీ ఇంటర్ చదువులే. గల్ఫ్‌లో ఒక కంపెనీ క్యాంపు ఆఫీసులో క్లర్కులుగా చేశాం. టైమ్‌షీట్లు రాయడం, ఓటీ లెక్కలు కట్టడం, అకామాల గడువు చూడడం మా పని. తర్వాత మా ఇళ్లలోవాళ్లకు నర్సు పనికి, కేర్ హోమ్ పనికి ఇంగ్లండ్ వీసాలు వస్తే వాళ్ల వెనకాలే మేమూ కోవెంట్రీ వచ్చి పడ్డాం. ఇప్పుడు గోడౌన్ ఆఫీసుల్లో షిఫ్టు షీట్లు రాస్తున్నాం. దేశం మారింది గానీ చేతిలో పెన్ను మారలేదు.

కోవెంట్రీ లండన్‌కు సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, ఇంగ్లండ్ నడిబొడ్డున ఉంటుంది. ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీల ఊరు. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ విమానాలు బాంబులు వేసి ఊరి మధ్యభాగాన్ని బూడిద చేశాయి. పాత పెద్ద చర్చి గోడలు ఇవాళ్టికీ పైకప్పు లేకుండా నిలబడి ఉంటాయి. కావాలనే అలా ఉంచి, పక్కనే 1962లో కొత్త చర్చి తెరిచారు. ఇంగ్లీషువాళ్ల మాటల్లో 'ఫలానావాణ్ని కోవెంట్రీకి పంపారు' అంటే వాడితో ఎవరూ మాట్లాడకుండా వెలేశారని అర్థం. మన పల్లెల్లో నిప్పూ నీళ్లూ బంద్ చేసినట్టన్నమాట. వచ్చిన కొత్తలో, షిఫ్టు రూములో ఎవరూ పలకరించని రోజుల్లో, మాకు ఆ మాట బాగానే అర్థమైంది.

ఊరి నడిమధ్య చౌరస్తాలో గుర్రం మీద ఒక స్త్రీ విగ్రహం ఉంటుంది. ఆమె పేరు లేడీ గొడైవా. 1949లో పెట్టారు. దాదాపు వెయ్యేళ్ల కిందట భర్త వేసిన పన్నుల కింద జనం నలిగిపోతుంటే, తగ్గించమని ఆమె బతిమాలిందట. నువ్వు బట్టలు లేకుండా ఊరంతా గుర్రం మీద తిరిగితే తగ్గిస్తానన్నాడట ఆయన. ఆమె తిరిగింది. జనం తలుపులు మూసుకుని ఆమె మర్యాద కాపాడారు. పన్ను పోయింది. ఇది కథే, చరిత్ర అనలేం. అయినా రాణులకూ సేనాపతులకూ విగ్రహాలు కట్టే దేశంలో, పన్నుకు ఎదురు నిలిచిన మనిషికి ఊరి మధ్యలో చోటిచ్చారంటే మాకు ముచ్చటేసింది. తమ్ముడికి ఇదే చెబుదామనుకున్నాం. కానీ ఆమె దొరసాని. వాడు అడిగింది 'మనసొంటోళ్ల' గురించి.

ఆ చౌరస్తా నుంచి నాలుగడుగులు వేస్తే అప్పర్ ప్రిసింక్ట్ అనే బజారు వస్తుంది. యుద్ధం తర్వాత కట్టిన దుకాణాల వీధి. రెండేళ్లపాటు వారం వారం అక్కడే బియ్యమూ పప్పులూ మోసుకుంటూ నడిచాం, ఒక్కసారీ తలెత్తి చూడలేదు. అక్కడ గోడ మీద ఒక గుండ్రటి నీలం ఫలకం ఉంది. దాని మీద ఉన్న పేరు ఐరా ఆల్డ్రిడ్జ్. నల్లజాతి నటుడు. 1828లో ఈ ఊరి థియేటర్‌కు మేనేజరుగా చేశాడు. ఆ ఫలకాన్ని 2017 ఆగస్టులో పెట్టారు. ఆయన కథ వార్విక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ టోనీ హోవార్డ్ లాంటివాళ్లు తవ్వి తీస్తే బయటికొచ్చింది.

ఐరా 1807 జూలై 24న న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి చర్చిలో బోధలు చేసేవాడు. ఐరా బానిసగా పుట్టలేదు. కానీ ఆయన పుట్టిన ఊళ్లో బానిసత్వం చట్టబద్ధంగానే ఉండేది. న్యూయార్క్ రాష్ట్రంలో అది పూర్తిగా పోయింది 1827లో, అంటే ఈయన దేశం విడిచిన మూడేళ్ల తర్వాత. నల్లవాళ్ల పిల్లల కోసం పెట్టిన ఉచిత పాఠశాలలో చదువుకున్నాడు. నాటకాల పిచ్చి పట్టింది. అప్పుడు న్యూయార్క్‌లో నల్లవాళ్లే నడుపుకునే ఆఫ్రికన్ గ్రోవ్ అనే థియేటర్ ఉండేది. తెల్ల అల్లరిమూకలు వచ్చి గొడవ చేసేవి, పోలీసులు వచ్చి నటులనే పట్టుకుపోయేవాళ్లు. దెబ్బ కొట్టినవాణ్ని వదిలి దెబ్బ తిన్నవాణ్ని జీపెక్కించడం ఎక్కడైనా ఉన్నదే. ఆ థియేటర్ ఎక్కువకాలం నిలవలేదు.

1824లో ఐరా ఓడలో పనివాడుగా చేరి ఇంగ్లండ్ వచ్చాడు. టికెట్టుకు డబ్బుల్లేక చాకిరీ చేసి సముద్రం దాటాడు. అప్పటికి వయసు పదిహేడు. మరుసటి ఏడు లండన్‌లో వేషం కట్టాడు. కోబర్గ్ థియేటర్‌లో 'సురినాం తిరుగుబాటు' అనే నాటకంలో బానిసల తిరుగుబాటు నాయకుడు ఒరూనోకో వేషం ఆయనది. అప్పటిదాకా తెల్లవాళ్లు మొహానికి నల్లరంగు పూసుకుని వేసే వేషం అది. పత్రికలు వెక్కిరించాయి. పెదాల ఆకారం ఇలా ఉంటే ఇంగ్లీషు ఎలా పలుకుతాడని రాసినవాళ్లు కూడా ఉన్నారు. లండన్ పెద్ద థియేటర్లు తలుపులు తీయకపోతే ఐరా ఊళ్లు పట్టుకుని తిరిగాడు.

ఇక్కడ నవ్వొచ్చే సంగతి ఒకటి. పోస్టర్ల మీద ఆయన్ను ఆఫ్రికా రాజవంశంవాడని అచ్చేసేవాళ్లు. మనిషి న్యూయార్క్ బడిలో చదివిన పిల్లగాడు. 'ఏసీ రూము, ఎనిమిది గంటల డ్యూటీ, ఫుడ్డు ఫ్రీ' అని మన ఏజెంట్లు చెప్పేదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. సరుకు అమ్ముడుపోవాలంటే నాలుగు అబద్ధాలు కలపాలి. కాకపోతే ఐరా ఆ అబద్ధం వల్ల తనే నాలుగు మెతుకులు తిన్నాడు, మన ఏజెంట్ల అబద్ధం వల్ల ఏజెంట్లే తింటారు.

అలా తిరుగుతూ 1828లో కోవెంట్రీ వచ్చాడు. నాటకాలు చూసి జనం మెచ్చారు. ఎంతగా అంటే, థియేటర్‌ను నువ్వే నడుపు అని అప్పజెప్పారు. ఇరవై ఏళ్ల నల్లకుర్రాడు ఒక ఇంగ్లీషు ఊరి థియేటర్‌కు మేనేజరు. అంతకుముందు బ్రిటన్‌లో అలా జరగలేదు. ఎవరికి ఏ వేషం, ఎవరికెంత జీతం అన్నది తేల్చేవాడు ఆయనే. చుట్టూ ఉన్నవాళ్లంతా తెల్లవాళ్లు. మన సూపర్‌వైజర్ కుర్చీలో మనవాడే కూర్చుంటే ఎట్లుంటదో ఒకసారి అనుకోండి!

ఆ కోవెంట్రీ ఎలాంటి ఊరో చెబితే తప్ప తర్వాత జరిగింది అర్థం కాదు. అది పట్టు రిబ్బన్ల నేతగాళ్ల ఊరు. ఇంట్లో మగ్గం, మగ్గం చుట్టూ పెళ్లాం పిల్లలు, సరుకు షావుకారుది, కూలి ఎంతో చెప్పేదీ షావుకారే. 1826లో ప్రభుత్వం విదేశీ పట్టు మీద ఉన్న నిషేధం ఎత్తేసింది. ఫ్రాన్స్ రిబ్బన్లు వచ్చి పడ్డాయి. కోవెంట్రీ మగ్గాలకు పని తగ్గింది, కూలి తగ్గింది. మాలో సిరిసిల్లవాడు ఇది చదివి చాలాసేపు ఏం మాట్లాడలేదు. వాళ్ల నాన్న సాంచాల మీదే బతికాడు. మగ్గం ఆగితే ఇంట్లో ఏం జరుగుతుందో వాడికి వేరే చెప్పనక్కర్లేదు.

అలాంటి ఊళ్లో, సొంత పొయ్యి సరిగా మండని జనం ముందు, ఐరా బానిసల వేషాలు కట్టాడు. ఒరూనోకో, గాంబియా లాంటివి. ఎదురు తిరిగే బానిసలు వాళ్లు, ఏడుస్తూ కాళ్ల మీద పడేవాళ్లు కారు. ఊళ్లలో ఆటలు ముగిసే రోజున ప్రేక్షకుల ముందుకొచ్చి సూటిగా మాట్లాడడం, తన జాతి మనుషుల బానిసత్వం గురించి చెప్పడం ఆయనకు అలవాటు. కొన్ని నెలలు కోవెంట్రీలో ఉన్నాడు. ఆయన వెళ్లాక, బానిసత్వాన్ని రద్దు చేయమని కోవెంట్రీ జనం పార్లమెంటుకు పిటిషన్ పెట్టారు. ఆయన ఆ ఊరి మీద వేసిన ముద్రే దానికి కారణమని చరిత్రకారులు చెబుతున్నారు.

ఒక నాటకం వల్ల ఇంత జరుగుతుందా అని మాకూ అనుమానం వచ్చింది. జగిత్యాల మిత్రుడు 'మా భూమి' గుర్తు చేశాడు. విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కి తన భూమి కోసం ఏళ్ల తరబడి కొట్లాడి, చివరికి హత్యకు గురైన షేక్ బందగీ కథ ఆధారంగా సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ఆ నాటకం రాశారు. ఆంధ్ర పల్లెల్లో ఊరూరా ఆడారు, చూసిన జనం తెలంగాణ పోరాటానికి చందాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఏమీ జరగని నాటకాన్ని ఏ సర్కారూ నిషేధించదు కదా. బందగీ సమాధి జనగామ దగ్గర కామారెడ్డిగూడెంలో రోడ్డు పక్కనే ఉంది. మనలో చాలామంది ఆ దారిన బస్సులో వెళ్లినవాళ్లమే.

పిటిషన్ అనగానే కాగితమే కదా అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో మామూలు జనంలో చాలామందికి ఓటు లేదు. పార్లమెంటుకు వాళ్ల మాట చేరాలంటే ఉన్న దారి ఆ కాగితం ఒక్కటే. తోలుకాగితం చుట్ట మీద ఊరివాళ్లు వరసగా పేర్లు రాసేవాళ్లు. పేరు పెడితే షావుకారుకు కోపం రావచ్చు, పక్కింటివాడు నవ్వొచ్చు. అలా ఊరూరా కదిలి 1833 నాటికి ఆ ఒక్క ఏడే పార్లమెంటుకు 5,000కు పైగా పిటిషన్లు చేరాయి. వాటి మీద సంతకాలు సుమారు 13 లక్షలు.

ఇక్కడ మా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఈ వ్యాసం రాయడం మాకు న్యాయమనిపించలేదు.

మేము క్యాంపు ఆఫీసులో ఉన్నప్పుడు మా బల్ల వెనక ఒక ఇనప బీరువా ఉండేది. అందులో పాస్‌పోర్టులు. రిజిస్టర్‌లో ప్రతి పేరు ఎదురుగా 'పాస్‌పోర్ట్: ఆఫీసు' అని రాసింది మా చేతులే. అలా పెట్టుకోవడం ఆ దేశ చట్టానికే విరుద్ధమని మాకు తెలుసు. ఒకరోజు నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ వాళ్ల నాన్న పోయాడు. బీరువా తాళం మేనేజరు దగ్గర, మేనేజరు సెలవులో. మేస్త్రీ రోజూ వచ్చి నిలబడేవాడు. మేము 'రేపు రా అన్నా' అనేవాళ్లం. మూడో రోజు అతని బ్లాకులోవాళ్లు ఒక తెల్లకాగితం పట్టుకొచ్చారు. మావాడి పాస్‌పోర్టు ఇవ్వండి, ఇంటికి పోవాలె అని రెండు ముక్కలు. కింద ముప్పై నలభై పేర్లు, సంతకం రానివాళ్లవి వేలిముద్రలు. దాన్ని హెడ్డాఫీసుకు ఫ్యాక్స్ చేయాల్సింది మేము. పేర్లున్నవాళ్లందరికీ ముప్పు వస్తుందని ఒకరికొకరం చెప్పుకున్నాం. నిజానికి మా ఉద్యోగాల గురించే భయపడ్డాం. ఆ కాగితం రెండు రోజులు మా సొరుగులోనే ఉంది. ఆరో రోజు మేనేజరు వచ్చాక మేస్త్రీ విమానం ఎక్కాడు. అప్పటికే ఊళ్లో దహనం అయిపోయింది. పెద్దకొడుకు చేయాల్సిన పని పాలివాళ్లు చేశారు.

కోవెంట్రీ గోడ కింద నిలబడి ఆ పిటిషన్ గురించి చదువుతుంటే మా ముగ్గురికీ గుర్తొచ్చింది ఆ సొరుగే. సంతకం పెట్టినవాళ్లు ఒక వంతైతే, దాన్ని మోసుకెళ్లి అందించినవాళ్లు ఇంకో వంతు. ఎవరో ఒక గుమాస్తా కోవెంట్రీ కాగితాన్ని సొరుగులో పెట్టలేదు.

సరే, చట్టం దగ్గరికొద్దాం. ఆ చట్టం రావడానికి పిటిషన్లొక్కటే కారణం కాదు. 1831 క్రిస్మస్ రోజుల్లో జమైకాలో శామ్ షార్ప్ అనే బానిస ఒక పథకం వేశాడు. ఆయన చర్చిలో పెద్దమనిషి, చదువొచ్చినవాడు. పండగ తర్వాత కూలి ఇస్తేనే చెరకు కోతకు వస్తాం, లేకపోతే రాము. ఒక్క మాటలో సమ్మె. పదుల వేల మంది బానిసలు కదిలారు. చెరకు తోటలు తగలబడ్డాయి, సైన్యం దిగింది, 300 మందికి పైగా బానిసలను చంపారు. షార్ప్‌ను 1832 మే 23న మాంటెగో బేలో ఉరి తీశారు. ఇక ఈ పద్ధతి నిలవదని లండన్ పెద్దలకు అర్థమైంది. 1833 ఆగస్టులో చట్టం పాసైంది, 1834 ఆగస్టు 1 నుంచి అమలు. షార్ప్‌ను ఉరి తీసిన ఊళ్లోనే ఇప్పుడు ఆయన విగ్రహం ఉంది. ఆ చౌకుకు ఆయన పేరే పెట్టారు, జమైకా నోటు మీద ఆయన బొమ్మ వేశారు.

ఈ చట్టంలో రెండు సంగతులు మనం గుర్తుంచుకోవాలి. మొదటిది, నష్టపరిహారం. 2 కోట్ల పౌండ్లు ఇచ్చారు. ఎవరికి? యజమానులకు! ఆస్తి పోయిందని. ఎనిమిది లక్షల మంది బానిసలకు పైసా లేదు. పైగా 'అప్రెంటిస్' అని పేరు మార్చి 1838 దాకా అదే యజమాని దగ్గర ఊరికే చాకిరీ చేయించారు. ఆ పరిహారం కోసం బ్రిటన్ ప్రభుత్వం చేసిన అప్పు చిట్టచివరి ముక్క తీరింది 2015లో. అంటే ఈ దేశంలో మనవాళ్లు కట్టిన పన్నులోంచి కూడా అది తీరింది. రెండోది, ఈస్ట్ ఇండియా కంపెనీ ఏలిన మన దేశానికి ఈ చట్టం వర్తించదని అందులోనే రాశారు. మన దగ్గర బానిసత్వాన్ని కోర్టులు గుర్తించకూడదన్న చట్టం 1843లో వచ్చింది.

తోటలకు పనివాళ్లు కావాలి. బానిసలు లేరు. అప్పుడు మన ఒడ్డు గుర్తొచ్చింది వాళ్లకు. 1834 నవంబర్ 2న మొదటి విడత భారత కూలీలు మారిషస్‌లో దిగారు. ఐదేళ్ల అగ్రిమెంటు, వేలిముద్ర, మెడలో నెంబరు. మన కోరంగి రేవు నుంచి కూడా పోయారు. 1843లో 'కోరంగి ప్యాకెట్' అన్న ఓడ తెలుగువాళ్లను తీసుకుపోయింది. మారిషస్‌లో తెలుగువాళ్లకు చాలాకాలం కోరంగీలు అన్న పేరే ఉండేది. కోరంగి మా కాకినాడ మిత్రుడి అమ్మమ్మగారి ఊరికి దగ్గరే. చిన్నప్పుడు అక్కడి మడ అడవుల్లో పడవెక్కి తిరిగాడట, ఈ సంగతి మాత్రం ఏ బడిలోనూ చెప్పలేదంటాడు. 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది మారిషస్ చేరారు. వాళ్లు దిగి లెక్క రాయించుకున్న రేవును ఆప్రవాసీ ఘాట్ అంటారు. పదహారు రాతి మెట్లు మిగిలాయి. 2006లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది.

అదే ద్వీపంలో, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఒక పెద్ద కొండ ఉంది. పేరు లె మోర్న్. పారిపోయిన బానిసలు ఆ కొండ మీద గుహల్లో దాక్కునేవాళ్లు. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి 1835లో సిపాయిలు కొండెక్కుతుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకి ప్రాణాలు తీసుకున్నారని అక్కడి జనం చెప్పుకుంటారు. ఆ కొండకు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఫిబ్రవరి 1 బానిసత్వం రద్దయిన రోజు, నవంబర్ 2 కూలీలు వచ్చిన రోజు. రెండూ మారిషస్‌లో సెలవులే. ఒకరు పోయిన చోటికే ఇంకొకరిని తెచ్చారని ఆ దేశం దాచుకోలేదు.

ఇంగ్లండ్‌లో చాలాకాలం విగ్రహాల లెక్క వేరేగా ఉండేది. హల్ పట్టణంలో విల్బర్‌ఫోర్స్‌కు ఎత్తయిన స్తంభం 1834లోనే మొదలుపెట్టారు. లండన్‌లో బక్స్‌టన్ పేరిట 1865లో ఒక ఫౌంటెన్ కట్టారు. వాళ్లు మంచివాళ్లే, కష్టపడ్డవాళ్లే, పార్లమెంటులో ఏళ్ల తరబడి వాదించినవాళ్లే. కానీ ఆ బొమ్మలే చూసి పెరిగిన పిల్లవాడికి స్వేచ్ఛ అంటే దొరలు ఇచ్చిన దానమనిపిస్తుంది. ఇంకోపక్క బానిస వ్యాపారంలో సంపాదించిన కోల్‌స్టన్‌కు బ్రిస్టల్ నడిబొడ్డున 1895 నుంచి విగ్రహం ఉండేది. 2020 జూన్ 7న జనం తాళ్లు కట్టి లాగి, దొర్లించుకుపోయి రేవులో పడేశారు. తర్వాత దాన్ని తీసి మ్యూజియంలో పెట్టారు.

బానిసలు తిరగబడ్డ దేశాల్లో ఉన్న బొమ్మలు వేరు. హైతీ రాజధానిలో 1967 నాటి కంచు విగ్రహం ఒకటుంది. కాలికి తెగిన గొలుసు, ఒక చేతిలో కత్తి, ఇంకో చేత్తో శంఖం పట్టి ఊదుతుంటాడు, తోటివాళ్లను లేపడానికి. ఆయనకు పేరు లేదు. పారిపోయి పోరాడిన పేరులేని వాళ్లందరికీ ఆయనే గుర్తు. బార్బడోస్‌లో 1985లో పెట్టిన విగ్రహం తెగిన గొలుసులతో రెండు చేతులూ పైకెత్తి ఉంటుంది. 1816 తిరుగుబాటు నాయకుడు బుస్సా పేరుతోనే జనం దాన్ని పిలుస్తారు. గయానాలో 1763 తిరుగుబాటు నాయకుడు కఫీకి 1976లో పెద్ద కంచు విగ్రహం కట్టారు. గయానాకు మద్రాసు ఓడల్లో మన తెలుగువాళ్లూ పోయారు. వాళ్ల మునిమనవలు ఇవాళ ఆ విగ్రహం పక్కనుంచే పనికి పోతుంటారు.

మన దగ్గర అలాంటివి లేవా అంటే ఉన్నాయి. వెట్టిచాకిరీకి ఎదురు తిరిగి 1946 జూలై 4న కడవెండిలో తుపాకీ గుండుకు పడిపోయిన దొడ్డి కొమరయ్య, పండించిన పంటను దొర గడీకి పోనివ్వని పాలకుర్తి చాకలి ఐలమ్మ. మన ఊళ్లలో వాళ్ల విగ్రహాలకు దండలు వేస్తారు. ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మన క్యాంపుల్లో ఎందరో ఉన్నారు. వెట్టి తెలిసిన తాతల మనవలం మనం.

మళ్లీ ఐరా దగ్గరికి. 1833 ఏప్రిల్ 10న, ఆ చట్టం పార్లమెంటు ముందుకు రాబోతున్న రోజుల్లోనే, లండన్ కోవెంట్ గార్డెన్‌లో ఒథెల్లో వేషం ఆయనకు వచ్చింది. పేరు దగ్గరగా ఉందని మన కోవెంట్రీ అనుకోకండి, అది లండన్‌లో పెద్ద థియేటర్. ఎడ్మండ్ కీన్ అనే మహానటుడు స్టేజీ మీదే కుప్పకూలితే ఆ చోటు ఈయనకిచ్చారు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. పత్రికలు మాత్రం నల్లవాడు తెల్లనటిని తాకడమేంటని మండిపడ్డాయి. రెండు ఆటలతో ఆపేశారు. ఆయన మళ్లీ ఊళ్లు పట్టాడు. 1852 నుంచి యూరప్ తిరిగాడు. జర్మనీలో, రష్యాలో రాజులు పతకాలిచ్చారు. 1867 ఆగస్టు 7న పోలండ్‌లోని లోడ్జ్ పట్టణంలో, నాటకాల తిరుగుడులోనే కన్నుమూశాడు. సమాధి అక్కడే ఉంది. పుట్టింది ఒక దేశం, బతికింది ఒక దేశం, మట్టిలో కలిసింది ఇంకో దేశం. పెట్టెలో ఇంటికి పోవడం గురించి మన క్యాంపుల్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

కోవెంట్రీ కూడా వలస కూలీలకు కొత్త ఊరు కాదు. ఇక్కడి ఫ్యాక్టరీల్లో చేసిన పంజాబీలు 1938లో ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ పెట్టుకున్నది ఈ ఊళ్లోనే. అది ఇంకో వారం రాయాల్సిన కథ.

ఫలకం ఆవిష్కరణ గురించి ఒక్క ముక్క. 2017లో దాన్ని ఆవిష్కరించడానికి మేయరుతో పాటు వచ్చిన పెద్దాయన పేరు ఎర్ల్ కామెరాన్. బెర్ముడాలో పుట్టి ఓడ పనివాడుగా ఇంగ్లండ్ వచ్చి, బ్రిటిష్ సినిమాల్లో పేరు తెచ్చుకున్న మొదటితరం నల్లజాతి నటుల్లో ఒకడు. అప్పుడాయనకు నూరేళ్లు నిండబోతున్నాయి. కుర్రాడుగా ఉన్నప్పుడు ఆయనకు గొంతు ఎలా వాడాలో, మాట ఎలా పలకాలో నేర్పిన ముసలావిడ అమాండా ఆల్డ్రిడ్జ్. ఐరా కూతురు. తండ్రి పోయేనాటికి ఏడాది పిల్ల.

ఫొటో తీసి తమ్ముడికి పంపాం. "గింత చిన్నదానే?" అని జవాబొచ్చింది. ఆ తర్వాత ఒక గంటకు ఇంకో మెసేజ్: బ్లాకులో అందరికీ చూపించాడట, ఆయన వేషం కట్టిన ఫొటో ఉంటే పంపమని అడుగుతున్నారట. ఇక్కడికి దగ్గర్లోనే స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్ థియేటర్ ఉంది. అక్కడ 33 మంది నటులకు కంచు ఫలకాలు పెట్టారు, వాటిలో ఒకటి ఐరాది. వచ్చే సెలవు రోజున ముగ్గురం బస్సెక్కి పోయి అది కూడా చూసి, ఫొటోలు పంపుతాం.